అత్త చెయ్యి పెట్టిన తీగ

వినోద్ ఆ డబ్బాను తెచ్చి బల్ల మీద పెట్టగానే నీలాకు ముందు వాసన తగిలింది. కాలిన ప్లాస్టిక్కు వాసన, దాని అడుగున కుళ్ళిన చేప లాంటి ఇంకో వాసన. ఆ రెండూ కలిసి వచ్చాయంటే లోపల ఎల్‌వోటీ పోయినట్టే, మూత తీసి చూడనక్కర్లేదు. అయినా తీసింది. మొగుడు దుకాణంలో లేనప్పుడు వచ్చిన సరుకును కనీసం విప్పి చూసినట్టయినా కనిపించాలి గదా.

మిర్యాలగూడ బస్టాండు వెనక సందులో నీలా మొగుడు శివాజీకి టీవీ రిపేరు దుకాణం ఉంది. పేరుకే టీవీ రిపేరు. గోడకు తగిలించే పలచటి టీవీలు వచ్చాక, వెనక బొజ్జ ఉన్న పాత టీవీలను బాగుచేయించుకునే వాళ్ళు లేకుండా పోయారు. కాని ఆ పాత టీవీల కడుపులో ఒక వస్తువు ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్కు ముద్ద, దానికి గుర్రపు నాడా లాంటి బూడిదరంగు రాయి, పైనుంచి లావుపాటి ఎర్రతీగ, ఆ తీగ చివర రబ్బరు టోపీ. బొమ్మ కనిపించే గాజు ట్యూబుకు వేల వోల్టుల కరెంటు పంపేది అదే. మెకానిక్కులు దాన్ని ఎల్‌వోటీ అంటారు. సూర్యాపేట పాత సామాన్ల దుకాణాల్లో, కోదాడ లాడ్జీల మెట్ల కింద గుట్టలుగా పడి ఉన్న టీవీలను శివాజీ కొని తెచ్చేవాడు. వాటిలోంచి తీసిన ఎల్‌వోటీలతో, బ్యాటరీ మీద నడిచే కంచె డబ్బాలు చేసేవాడు. పల్లిచేల మీద పడే అడవి పందులు ఆ కంచె తీగను ముట్టుకుంటే చెంప మీద కొట్టినట్టు ఒక దెబ్బ తగులుతుంది. అంతే. చావవు, కాని మళ్ళీ ఆ దిక్కు చూడవు.

తీసిన వాటిలో మంచివేవో పాడయినవేవో ఏరడం నీలా పని. ఎండలో పెట్టి తిప్పి తిప్పి చూసేది. వెంట్రుకంత పగులు ఉన్నా, ఒక పక్క ఉబ్బినట్టున్నా పక్కన పడేసేది. సరుకు తక్కువైనప్పుడు శివాజీ ఆ పక్కన పడేసిన వాటిలోంచే ఒకటి తీసి, పగులు మీద గమ్ము రాసి, నడిచినన్నాళ్ళు నడుస్తదిలే అనేవాడు. ఇప్పుడు వినోద్ తెచ్చిన డబ్బాలో గమ్ము రాసిన చోటే నల్లగా కాలి, రంధ్రం పడి ఉంది.

నీలా ఆ పని చేసేది కూడా భయపడుతూనే. పెళ్ళైన కొత్తలో, ప్లగ్గు తీసేసిన టీవీయే గదా అని రబ్బరు టోపీ కింద వేలు పెట్టింది. ప్లగ్గు తీసినా ఆ గాజు ట్యూబు కొంత కరెంటును కడుపులో దాచుకుంటుందని అప్పటికి తెలియదు. విసిరేసిన బట్టల మూటలా వెళ్ళి గోడకు తగిలింది. ఆనాటి నుంచి కరెంటును గురించి ఆమెకు తెలిసింది ఒక్కటే: అది ఉన్నానని చెప్పదు, లేనని చెప్పదు.

అత్త భూలి అట్లా కాదు. శివాజీ మొదటి డబ్బా అమ్మడానికి కిందామీదా పడుతున్న రోజుల్లో ఒక రైతు దుకాణం ముందు నిలబడి, ఇది మనిషిని చంపదని నమ్మకమేంది, రేపు ఎవరన్నా పోతే జైలుకు పోయేది నేనా నువ్వా అని నిలదీశాడు. అన్నం గిన్నె పట్టుకుని వచ్చిన భూలి అదంతా విన్నది. కొడుకు నోరు తెరిచేలోగానే గిన్నె కింద పెట్టి, నడుస్తున్న డబ్బా తీగను పిడికిట పట్టుకున్నది. మోచెయ్యి ఎగిరింది, చేతి నిండా ఉన్న గాజులు గలగలలాడాయి. ఆమె మాత్రం తీగను వదలకుండా, "నా మొగుడు ఇంతకంటె గట్టిగ కొట్టేటోడు పటేలా" అన్నది. రైతు నవ్వి డబ్బా కొన్నాడు.

అప్పటి నుంచి ఏ ఊళ్ళో కంచె బిగించినా శివాజీ తల్లిని వెంట తీసుకుపోయేవాడు. కన్నతల్లి చెయ్యి పెట్టిన తీగ అంటే ఇక రైతుకు మాట్లాడేందుకేముంటుంది? వాళ్ళ తండా ఆడవాళ్ళకు కూడా ఆమెను చూసి చూసి భయం పోయింది. కూలికి పోయే దారిలో శివాజీ కంచె అడ్డమొస్తే ఒకామె తీగ ఎత్తి పట్టుకునేది, మిగతావాళ్ళు కిందినుంచి దూరేవాళ్ళు. పట్టుకున్నామె ఆగి ఆగి దెబ్బ తింటూ శివాజీని తిట్టడం, అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వడం ఒక ఆట అయిపోయింది. ఎక్కువసార్లు పట్టుకునేది భూలే.

డబ్బా ఎప్పుడు పోయిందని నీలా అడిగింది. మొన్న రాత్రి పోయిందన్నాడు వినోద్. అతను వాడపల్లి దగ్గర జనార్దన్ అనే పెద్దరైతు దగ్గర ట్రాక్టరు నడుపుతాడు, మోటార్లు చూసుకుంటాడు. జనార్దన్ సూర్యాపేటలో పెళ్ళికి పోతూ, డబ్బా మిర్యాలగూడలో ఇచ్చిరమ్మని పురమాయించాడట.

ఇందులో వేరే ఎల్‌వోటీ వెయ్యాలి, శివాజీ కోదాడకు పోయిండు, ఓ లాడ్జిల పాత టీవీలు అమ్ముతున్నరంట, రేపే చేసేది అని నీలా చెప్పింది. చెప్తూ చెప్తూ ఆగింది.

"మరి మొన్నటి సంది పందులు ఊకుంటున్నయా తమ్మీ?"

వినోద్ రోడ్డు వైపు చూశాడు. తరువాత చేతిలో ఉన్న బండి తాళంచెవి వైపు చూశాడు.

"పటేలు డైరెక్టు ఇచ్చిండక్కా" అన్నాడు.

బోరు మోటారు స్టార్టరు డబ్బాలోంచి ఒక తీగ లాగి నేరుగా కంచెకు తగిలించారన్నమాట. బ్యాటరీ లేదు, ఎల్‌వోటీ లేదు, చెంపదెబ్బ లేదు. ముట్టుకుంటే పట్టుకుంటుంది, పట్టుకుంటే వదలదు.  పగటిపూట తీసేస్తున్నారు గదా అని నీలా అడిగింది. నిన్నటిదాకా తీసినమన్నాడు వినోద్. నిన్న సగం చేను పల్లి పీకించారు, మిగతా సగం ఇంకా నిలిచి ఉంది, దాని మీదికి పట్టపగలే కోతుల మంద దిగింది. అందుకని ఈరోజు తియ్యొద్దన్నాడట పటేలు. స్టార్టరు డబ్బాకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని సూర్యాపేట పోయాడట. ఇంకా ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడి, నిన్న పొద్దున ఒక కుక్కను తనే బొంద పెట్టానని చెప్పాడు.

నీలాకు ఆ మాట సగమే వినబడింది. సగం చేను పీకారన్న దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది.

పొద్దున తండాలో బయలుదేరేటప్పుడు అత్త గుమ్మంలో కూర్చుని నేల తవ్వే చిన్న తొలికను రాయి మీద నూరుకుంటున్నది. పటేలు చేన్ల సగం పీకిండ్రంట, పరిగెకు పోతున్నం అని చెప్పింది. పల్లి పీకినాక నేలలో తెగి మిగిలిపోయిన కాయలు ఏరుకోవడమే పరిగె. పీకిన చేనులోకి పరిగెకు పోవడానికి ఎవరూ ఎవరినీ అడగరు. అడిగితే నవ్వుతారు. రైతు ఇంటికి బండి కదిలిందంటే తెల్లారి ఆ నేల ఆడవాళ్ళది. ఆ సంగతి జనార్దన్‌కు తెలుసు, వినోద్‌కు తెలుసు, తండాకు తెలుసు. కోతుల గొడవలో ఎవరికీ గుర్తు రాలేదు.

పటేలు చేను చుట్టూ ఉన్నది శివాజీ కంచె. ఆ కంచె కట్టిన రోజు దాని మీద మొదట చెయ్యి పెట్టింది భూలి.

నీలా ఫోను తీసింది. తొందరలో రెండుసార్లు వేరే పేరు నొక్కింది. అత్తకు ఫోను లేదు. గుంపులో సుకన్య అనే పిల్లకు ఉంది. సుకన్య ఫోను మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేసింది. పరిగెకు పోయినవాళ్ళు సంచులూ నీళ్ళ సీసాలూ ఫోన్లూ ఒక ఒడ్డు మీద పెట్టి చేనులో చెదిరిపోతారు. ఆ ఒడ్డు మీద ఎవరూ లేనిచోట ఆ ఫోను మోగుతున్నట్టు నీలాకు కళ్ళకు కట్టింది. లేదా ఫోను పక్కనే అందరూ ఉండి, ఎవరూ తీసే స్థితిలో లేరేమో. ఆ ఊహ రాగానే ఫోను చెవికి ఆనించి ఉంచడానికే భయమేసింది.

వినోద్ పటేలుకు చేశాడు. వెనక బ్యాండు మోతలో మొదట ఏమీ వినబడలేదు. తరువాత ఎక్కడో గోడ చాటుకు వచ్చినట్టుంది, జనార్దన్ గొంతు స్పష్టంగా వచ్చింది. చేన్లకు ఇయ్యాల ఎవలొస్తరు, ఎవలూ రారు, ఊకె పరేషాన్ కాకు అన్నాడు. నీలా ఫోను లాక్కున్నది.

"మా అత్త వచ్చింది పటేలా. పరిగెకు. పది మంది ఆడోళ్ళను తీస్కొని వచ్చింది."

 జనార్దన్ గబగబా మాట్లాడాడు. తాళంచెవి తన దగ్గరే ఉందట, వెంటనే కారులో బయలుదేరతాడట, వినోద్‌ను బండి మీద పొమ్మను, ఆడవాళ్ళను కేకేసి బయటనే ఆపమను. కరెంటోళ్ళకు మాత్రం చెప్పొద్దు, చెప్తే కేసైతది, నీ మొగుడు కూడ ఇరుకుతడు, డబ్బా మీద ఆయన పేరే ఉంది అన్నాడు. ఆ చివరి మాట బెదిరించినట్టు లేదు. వణికిపోతున్న మనిషి చేతికి దొరికింది పట్టుకున్నట్టు ఉంది.

శివాజీకి చేస్తే అతనూ ముందు ఎవరూ పోయి ఉండరన్నట్టే మాట్లాడాడు. కోదాడ లాడ్జి మెట్ల మీద టీవీలు మోయిస్తున్నాడట, ఆయాసపడుతున్నాడు. అమ్మ అక్కడిదాకా పోదులే, మోకాళ్ళ నొప్పి గదా అన్నాడు. పోయింది అని నీలా అన్నది. అమ్మ ఆ తీగ పట్టదులే అన్నాడు. ప్రతి కంచె మీదా ముందు చెయ్యి పెట్టేది ఎవరు అని నీలా అడిగింది. అతనికి అర్థమైంది. మెట్ల మీద కూలబడ్డట్టున్నాడు, చుట్టూ ఎవరో ఏమైందని అడుగుతున్నారు. "నేను రావడానికి రెండు గంటలు పడ్తది నీలా" అన్నాడు. అతని నోట అంత చిన్న గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు.

వినోద్ ఫోనులో లైన్‌మన్ హరీష్ నంబరు ఉంది. ఇయ్యమంటే, నా పేరు చెప్పకక్కా, నా నౌకరి పోతది అన్నాడు. చెప్పనని నీలా మాట ఇచ్చింది. హరీష్ ఫోను ఎత్తి ఎవరు, ఏ ఊరు, ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద అని అడుగుతుంటే నీలాకు అన్నీ కలగలిసిపోయాయి. వాడపల్లి తోవ, జనార్దన్ పటేలు బోరు అని మాత్రం చెప్పింది. కంచెకు డైరెక్టు కరెంటు ఇచ్చిండ్రు సార్, లోపల ఆడోళ్ళున్నరు, లైను బందు చెయ్యండి అన్నది. హరీష్ ఒక బూతు మాట అని, నువ్వెవరమ్మా అని అడిగాడు.

"ఆ కంచె డబ్బా చేసినాయన భార్యను" అన్నది నీలా.

తను వేరే ఊళ్ళో ఉన్నానని, సబ్‌స్టేషనుకు చెప్పి ఆ వైపు లైను తీయిస్తానని హరీష్ అన్నాడు. కాని ఎక్కువసేపు ఆపలేరు, నాట్లు ఎండుతున్న కాలం, పావుగంట దాటితే రైతులు సబ్‌స్టేషను మీదికి వస్తరు, ఆపరేటరు మళ్ళీ ఇచ్చేస్తడు, ఆలోపే ఆడవాళ్ళను బయటికి తియ్యి అన్నాడు. ఎప్పుడు తీస్తారు అని నీలా అడిగేలోపే ఫోను పెట్టేశాడు.

దుకాణం తెరిచినట్టే వదిలేసి, కాలిన డబ్బాను సంచిలో వేసుకుని నీలా బండెక్కింది. ఎందుకు వేసుకున్నదో ఆమెకే తెలియదు. దారి పొడుగునా సిమెంటు లారీలు. వినోద్ ఎడమకు కోసి కుడికి కోసి నడుపుతున్నాడు, మామూలప్పుడైతే ఆమె అరిచి ఉండేది. ఈరోజు లారీల భయం తెలియలేదు. దారి పక్క ఇళ్ళ వైపు, చాయ్ హోటళ్ళ వైపు చూస్తూ పోయింది. ఎక్కడైనా ఫ్యాను తిరుగుతున్నదా, లైటు వెలుగుతున్నదా అని. ఒకచోట పిండిగిర్నీ నడుస్తున్నది.  ఇంకా కరెంటు ఉంది. తరువాత, ఈ గిర్నీ వేరే లైను మీద ఉందేమో అనుకున్నది. ఆ తరువాత ఒక చికెను దుకాణంలో ఫ్యాను ఆగి ఉంది, కాని దాన్ని దుకాణం వాడే ఆపుకున్నాడేమో. ఏది చూసినా ఏదీ తెలియలేదు.

డొంక దారి దగ్గర బండి ఆగింది. ఆపైన ఒడ్ల మీద నడవాల్సిందే. నీలా దిగి పరుగెత్తబోయి వెనక్కి చూస్తే వినోద్ బండి మీదే కూర్చుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది.

"నాతోని కాదక్కా. నిన్న కుక్కను జూసిన" అన్నాడు. స్టార్టరు డబ్బాకు తాళం ఉన్నా కంచెకు తగిలించిన తీగ బయటే ఉందని, బోరు మూల రాట దగ్గర దాని కొసను వంకీలా వంచి కంచెకు వేలాడదీశారని, ఎండిన కట్టెతో కొడితే ఊడుతుందని, చేతితో మాత్రం ముట్టొద్దని అక్కణ్ణించే చెప్పాడు.

చుట్టూ వరి పొలాలు. ఎక్కడా ఒక్క మోటారు చప్పుడు లేదు. నీలా పరుగెత్తుతూనే ఆ సంగతి గమనించింది. బోర్ల పైపుల నుంచి నీళ్ళు పడడం లేదు. లైను తీశారు. కాని ఎంతసేపైంది తీసి? ఇప్పుడేనా, తాము బండెక్కినప్పుడేనా? పావుగంటలో ఎంత అయిపోయింది, ఎంత మిగిలింది? తీయకముందే అత్త తీగ పట్టి ఉంటే? ఆమె కళ్ళు అత్త ఎర్రటి, అద్దాల పైట కోసం వెతికాయి.

కనిపించింది. పీకిన సగం చేనుకు అవతలి కొసన, ఎండలో అద్దాలు మెరుస్తూ భూలి నిలబడి ఉంది. ఒక చెయ్యి తల కంటే ఎత్తుగా పైకి లేపి, కంచె పై తీగను పట్టుకుని ఉంది. పక్కన సుకన్య, సుక్కి, మిగతా ఆడవాళ్ళు నిండిన సంచులతో ఆ చెయ్యి కిందినుంచి ఒక్కొక్కరే వంగి బయటికి వస్తున్నారు. పొద్దున బండి దారిలోని కట్టె తడిక జరిపి లోపలికి వచ్చినవాళ్ళు, పరిగె అయిపోయాక తండాకు దగ్గర దారని ఇటునుంచి ఇంటికి బయలుదేరుతున్నారు.

నీలా తీగ వదలమని అరిచింది.  భూలి అటు చూసి, తండా భాషలో గట్టిగా నవ్వుతూ బదులిచ్చింది. పిరికి కోడలు గిట్ల ఉరికి వచ్చిందేంది, నీ మొగని డబ్బా సచ్చిపోయింది, సూడు, దెబ్బే లేదు, ముసలి ఎద్దు లెక్క పడుకున్నది అని. అంటూనే తీగను ఇంకా ఎత్తి, అటూ ఇటూ ఊపి చూపించింది. ఆడవాళ్ళు నవ్వారు. కోడలి భయం మీద నవ్వడం వాళ్ళకు కొత్త కాదు. నీలా టీవీ వెనక్కి చెయ్యి పెట్టదని, లైటు స్విచ్చి కూడా చెంగుతో నొక్కుతుందని తండా అంతా చెప్పుకుంటారు. ఆమె ఎంత అరిస్తే అత్త అంత గట్టిగా పట్టుకుంటుంది.

అది నీలాకు ఒక్క క్షణంలో తెలిసింది. అత్త దగ్గరికి పరుగెత్తి, చెప్పి, నమ్మించి, చెయ్యి వదిలించేంత సమయం ఉందో లేదో తెలియదు. బోరు మూల దగ్గరగా ఉంది. అత్త దూరంగా ఉంది. ఆమె అత్తకు వీపు చూపించి బోరు వైపు పరుగెత్తింది.

మూల రాటకు తీగ వంకీ వేలాడుతున్నది, వినోద్ చెప్పినట్టే. చూడడానికి బట్టలు ఆరేసే తీగలా ఉంది. దాని కింద బోరు నీళ్ళకు నేల తడిసి మెత్తగా ఉంది. నీలా తడి దాకా వచ్చి ఆగిపోయింది.  గోడకు తగిలిన నాటి నొప్పి భుజంలో మళ్ళీ లేచినట్టయింది. కరెంటు లేదని మోటార్లు చెప్తున్నాయి. కాని ఈ తీగ ఏ లైనుదో, పటేలు దీన్ని ఎక్కణ్ణించి లాగాడో ఎవరికి తెలుసు? ఒడ్డు మీద కంది కట్టె కట్టలు ఎండి పడి ఉన్నాయి. ఒక కట్టె లాగి, తడికి ఇవతల ఒక రాయి మీద నిలబడి, చెయ్యి చాచి వంకీని కొట్టింది. కట్టె పుటుక్కున విరిగింది. వంకీ కదల్లేదు. ఇంకో కట్టె లాగింది. కళ్ళల్లోకి చెమట కారి వంకీ రెండుగా కనిపిస్తున్నది. ఈసారి నాలుగు కట్టెలు కలిపి పట్టుకుని, కిందినుంచి పైకి, కళ్ళు మూసుకుని కొట్టింది.

వంకీ ఊడి తడి నేలలో పడింది.

కళ్ళు తెరిచి ఊపిరి వదిలిందో లేదో, దూరంగా ఒక మోటారు గుర్రుమన్నది. దాని పక్కన ఇంకొకటి. వాటంతట అవే మొదలయ్యే మోటార్లు కదా, కరెంటు రాగానే ఒకదాని వెనక ఒకటి, కాలువ వైపు నుంచి వరుసగా లేస్తూ వచ్చాయి. ఆమె కాళ్ళ ముందు బురదలో వంకీ చిటపటలాడింది. నీలిరంగు మెరుపు ఒకటి పాకింది, బురద ఉడికినట్టు పొంగింది, పొగ లేచింది. నీలా వెనక్కి పడిపోయింది. పడుతూనే చేను అవతలి కొసకు చూసింది.

భూలి ఇంకా తీగను పట్టుకునే ఉంది.

ఆ చెయ్యి పైకే ఉంది. కదలడం లేదు. ఈ కంచెకు ఇంకోచోట ఇంకో తీగ తగిలించారేమో అన్న ఆలోచన నీలా గుండెను ఆపేసినంత పని చేసింది. పట్టుకున్న మనిషి ఇలాగే నిలబడిపోతుంది, చూసేవాళ్ళకు నవ్వుతున్నట్టే ఉంటుంది. అత్తా అని పిలవబోయింది, ఆ మాటే గుర్తు రాలేదు.

అప్పుడు భూలి మెడ తిప్పి, మోటార్ల చప్పుడు వస్తున్న దిక్కుకు చూసింది. ఆ తరువాత బోరు మూలన లేస్తున్న పొగను చూసింది. తన చేతిలో ఉన్న తీగ ఎక్కడిదాకా పోయిందో కళ్ళతో రాట రాటకూ చూసుకుంటూ వచ్చి, పొగ దగ్గర ఆగింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. చెయ్యి మాత్రం వెంటనే కిందికి దించలేదు, అది ఎవరిదో అన్నట్టు గాలిలోనే పట్టుకుని ఉంది.

స్టార్టరు డబ్బాలో ఏదో ఢామ్మని పేలింది. బురద ఉడకడం ఆగింది.

వినోద్ ఎప్పుడు వచ్చాడో, ఆడవాళ్ళ ముందు నిలబడి కుక్క సంగతి చెప్తున్నాడు. ఎవరూ నవ్వలేదు. సుక్కి సంచి జారి కాయలన్నీ ఒడ్డు మీద ఒలికిపోయినా ఎవరూ వంగి ఏరలేదు. తరువాత హరీష్ వచ్చాడు. కాలిన స్టార్టరును, బురదలో ఉన్న వంకీని ఫోటోలు తీసుకున్నాడు. ఫోనులో మాట్లాడింది ఎవరు అని అడిగాడు. నీలా సంచిలోంచి డబ్బా తీసి అతని ముందు పెట్టింది. దాని మీద శివాజీ పేరు, నంబరు ఉన్న కాగితం సగం కాలి ఉంది. ఇది మాదే, పగిలిన ముక్క వేసినం, అది పోతే పటేలు డైరెక్టు పెట్టిండు, రెండూ రాసుకోండి సార్ అన్నది. హరీష్ ఆమె ముఖంలోకి చూసి, రాసుకోకముందే ఒకసారి ఆలోచించుకొమ్మన్నట్టు ఆగాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. రాసుకున్నాడు.

భూలి ఒడ్డు మీద కూర్చుని తన అరచేతిని మోకాలి మీద పెట్టుకుని ఉంది. నీలా పక్కన కూర్చుని ఆ మణికట్టు పట్టుకున్నది.  

"అత్తా, ఎన్ని చేన్ల కాడ చెయ్యి పెట్టినవ్?" అని నీలా అడిగింది.

భూలి కోడలి వైపు చూసింది. ఆమె కళ్ళల్లో భయం ఉండడం నీలా మొదటిసారి చూసింది. ఆ డబ్బాలు ఎన్ని బతికున్నాయో, ఎన్ని చచ్చాయో, చచ్చిన చోట ఎవరు ఏ తీగ తగిలించారో ఎవరికీ తెలియదు. ఆ చేన్ల దగ్గరి ఆడవాళ్ళందరూ ముసలామె చెయ్యి పెట్టడం చూసినవాళ్ళే.

"హాలియా కాడ" అన్నది భూలి, మెల్లగా. "కాలువ అవతల, రెండు చేన్లు."

నీలా శివాజీకి ఫోను కలిపి, ఇద్దరికీ వినబడేలా మధ్యలో పెట్టింది. అమ్మ బతికే ఉందని ముందు చెప్పింది. టీవీలు అక్కడే వదిలెయ్యి, హాలియా రైతుల నంబర్లు తియ్యి అన్నది. అటు నుంచి ఏడుపు వినబడింది. భూలి ఆ ఏడుపును పట్టించుకోకుండా, కళ్ళు మూసుకుని, కాలిబాటలు గుర్తు తెచ్చుకుంటూ చెప్పుకుపోతున్నది. ఆమె మరిచిపోయిన చేన్లను వెనక నుంచి సుక్కి, సుకన్య ఒకరి తరువాత ఒకరు గుర్తు చేస్తున్నారు. చెప్పేవి అయిపోవడం లేదు.